పదిహేడో నంబరు తండ్రి

ఆ ఆదివారం జలసాక్షి నలభై మూడు పేర్లు చూపించింది. నలభై రెండు పేర్లు అందరూ విన్నారు. నలభై మూడోది గౌరీశ్వరి ఒక్కతే చూసింది. చూసి, తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

నీలంగెడ్డ మూడు పాయలు కలిసేచోట, మోకాలి లోతు నీళ్లలో ఇరవై ఆరుగురు నిలబడి ఉన్నారు. పిల్లలు, తల్లులు, కింది ఊరి స్కూలు నుంచి వచ్చిన ఇద్దరు టీచర్లు. నెలకు రెండు ఆదివారాలు ఇలా గెడ్డ వెంట నడుస్తారు. ఏ చెట్టు వేరు గట్టును పట్టుకుని ఉంటుందో, ఏ చేప ఏ రాతికింద గుడ్లు పెడుతుందో నేర్చుకుంటారు. ఊరివాళ్లు దీనికి గెడ్డబడి అని పేరు పెట్టుకున్నారు. నడిపించేది గౌరీశ్వరి. పాఠం చెప్పేది ఆమె చిన్నాన్న గంగులు. అరవై ఏళ్లవాడు, చదువు లేదు. ఆకు నలిపి వాసన చూసి చెట్టు వయసు చెప్పగలడు.

జలసాక్షి విశాఖపట్నం ప్రయోగశాల ఇచ్చిన యంత్రం. చిన్న బియ్యపు డబ్బా అంత ఉంటుంది. ఒక గిన్నెడు నీళ్లు పోస్తే లోపలి కాగితం వడగడుతుంది. ఆకు రాలినా, పొలుసు ఊడినా, పక్షి రెట్ట పడినా నీళ్లలో కంటికి కనపడని తునక ఒకటి మిగులుతుంది. అది ఎవరిదో, ఎంత పైనుంచి వచ్చిందో, ఎన్ని రోజుల కిందటిదో అరగంటలో తెర మీద రాస్తుంది. ఆ అరగంటలో గంగులు తన జాబితా తను చెబుతాడు. పిల్లలు రెండూ పోల్చి చూస్తారు.

"ఏరుమద్ది. కానుగ. నేరేడు. ఇంగిలాయి చేప. పైనెక్కడో ఉడుం దిగి నీళ్లు తాగింది" అని ఆ రోజు గంగులు వరసగా చెప్పుకుపోయాడు. యంత్రం ఒక్కటీ కాదనలేదు. "సూసినారా, డబ్బాకి అరగంట పట్టింది. నాకు అయిదు నిమిసాలు. పూలదండ మాత్రం దానికే ఏసినారు" అన్నాడు. అందరూ నవ్వారు.

గౌరీశ్వరి నవ్వలేదు. శుక్రవారం ప్రయోగశాలవాళ్లు యంత్రంలో ఏదో మార్పు చేశారు. జాబితా అడుగున బూడిదరంగులో కొత్త మాట ఒకటి కనిపిస్తోంది: తీసివేసినవి. దాన్ని వేలితో తాకింది. ఒకే వరుస తెరుచుకుంది.

మనిషి. 17వ నంబరుకు తండ్రి. ఎగువన 400 మీటర్లు. మూడు రోజుల లోపు.

పదిహేడో నంబరు గౌరీశ్వరిది. యంత్రం వచ్చిన కొత్తలో ఊళ్లో రెండు వందల పన్నెండు మంది తలా ఒక దూదిపుల్ల మీద ఉమ్మి ఇచ్చారు. గెడ్డలో మనుషుల గుర్తులు చెట్ల గుర్తులతో కలిసిపోకుండా ముందే తీసేయడానికని చెప్పారు. తలా ఒక నంబరు ఇచ్చారు.

ఆమె తండ్రి అప్పన్న నంబరు ఇవ్వలేదు. అప్పటికే అతను లేడు. ఆరేళ్ల కిందట తమ్ముడితో కలిసి చీపురు కొయ్యడానికి గెడ్డ ఎగువనున్న కొండెక్కాడు. తమ్ముడు గంగులు ఒక్కడే దిగాడు. అన్న వెనకాల వస్తానన్నాడని, రాలేదని చెప్పాడు. మూడు రోజులు కొండంతా వెతికారు. తువ్వాలు కూడా దొరకలేదు. మూడో ఏడు పెద్దలు కూర్చుని గడ్డిబొమ్మకు దహనం చేయించి, కర్మ ముగించారు.

మూడు పాయల దగ్గరినుంచి ఎగువన నాలుగు వందల మీటర్లు. అక్కడ ఉన్నది గంగులు అనాస తోట ఒక్కటే. గెడ్డబడిని ఆ పాయలు దాటి పైకి గంగులు ఎప్పుడూ తీసుకెళ్లలేదు. పెద్దీగల తేనెపట్లున్నాయని చెబుతాడు. రెండేళ్లుగా అందరూ నమ్మారు. గౌరీశ్వరి కూడా నమ్మింది.

మధ్యాహ్నం ఆమె డాక్టర్ హైమవతికి ఫోన్ చేసింది. యంత్రాన్ని తయారు చేసిన బృందానికి ఆమే పెద్ద. విషయం విని డాక్టర్ మొదట అడిగిన మాట, ఎవరికైనా చూపించావా అని. రెండో మాట, ఆ వరుస మీకు కనపడకూడదు అని.

తప్పు అనలేదు. కనపడకూడదు అంది. ఫోన్ పెట్టేశాక కూడా గౌరీశ్వరి ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

సోమవారం పొద్దున్నే ఒక్కతే పాయలు దాటి పైకి వెళ్లింది. చెట్లమీద ఒక్క పట్టు లేదు. ఈగ రొద లేదు. తోటకు కొంచెం కింద గెడ్డ ఒక చదును రాతిని చుట్టి పోతోంది. రాతి పక్కన మద్దిచెట్టుకూ నేరేడుచెట్టుకూ మధ్య, మనిషి ఛాతీ ఎత్తున, కొత్త కొబ్బరితాడు కట్టి ఉంది. బట్టలారేసే తాడు. గంగులు ఎప్పుడూ బట్టలు ఊళ్లో బోరింగు దగ్గరే ఉతుక్కుంటాడు.

తాడు మీద చెయ్యి వేసింది. వెనక ఆకులు నలిగిన చప్పుడైంది.

గంగులు నిలబడి ఉన్నాడు. చేతిలో కొడవలి ఉంది. అనాస తోటలో పనిచేసే మనిషి చేతిలో కొడవలి ఉండడం వింత కాదు. అయినా గౌరీశ్వరి ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు అతను చూశాడు.

"ఏటమ్మా ఇలాగొచ్చావు?"

ఈ తాడు ఎవరిదని ఆమె అడిగింది. అతను తాడు వైపు చూడకుండానే, తనదేనన్నాడు. ఇక్కడ ఈగలేవీ అని అడిగింది. లేచిపోయుంటాయన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "దిగిపో గౌరమ్మా. ఇంకెప్పుడూ ఇటు రావద్దు. మీయమ్మకి సెప్పకు" అన్నాడు.

ఆ చివరి మాట ఆమె చెవిలో ముల్లులా దిగింది. కొండ దిగుతూ ఒక్కొక్కటే కలుపుకుంది. లేని ఈగలు. కొత్త తాడు. అమ్మకు చెప్పవద్దనడం. యంత్రం చెప్పిన మూడు రోజులు. ఆరేళ్ల కిందట చనిపోయిన మనిషి మూడు రోజుల కిందట నీళ్లలో గుర్తు వదలడు. అయితే నాన్న బతికే ఉన్నాడు. ఉంటే ఎందుకు దాచారు? ఏ స్థితిలో దాచారు? మతి లేకనా, కాళ్లు లేకనా?

చిన్నాన్నను నిలదీసి అడగవచ్చు. అడిగితే రాత్రికి రాత్రి నాన్నను ఇంకో కొండకు మార్చేస్తే? అడగలేదు.

మంగళవారం స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు కాగితం ఇచ్చింది. ఎస్సై కుర్రవాడు, తొందరపడే మనిషి కాదు. కాగితం రెండుసార్లు చదివాడు. యంత్రం మాట సరే, మీరేమనుకుంటున్నారని అడిగాడు.

"మనిషైతే అబద్ధం చెబుతాడు సార్. యంత్రానికి ఏం అవసరం?" అంది గౌరీశ్వరి.

బుధవారం జీపు వచ్చింది. ముందు తోటంతా వెతికారు. పాకలో ఒక మంచం, ఒక కంచం, ఒక కుండ. రెండో మనిషి ఆనవాలు లేదు. అది ఎస్సై అనుమానాన్ని ఇంకా పెంచింది. అంటే ముందే మార్చేశాడు, లేదా ముగించేశాడు. గంగులు ఇంటి ముందు కూర్చుని అడ్డాకుల విస్తర్లు కుడుతున్నాడు. ఆకులు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని లేచాడు. ఆ తాడు ఎందుకు, ఈగల కథ ఎందుకు అని ఊరందరి ముందూ అడిగినా నోరు విప్పలేదు. ఎదురింటి గుమ్మంలో వదిన, గౌరీశ్వరి తల్లి పైడితల్లి నిలబడి ఉంది. ఒక్కసారి ఆమె వైపు చూశాడు. పైడితల్లి తల దించుకుంది. అతన్ని జీపెక్కించుకుపోయారు.

గౌరీశ్వరి ఆ చూపు పట్టుకుంది. వీళ్లిద్దరికీ ఏదో తెలుసు. అంతవరకూ ఒకరి మీద ఉన్న అనుమానం ఇప్పుడు ఇంట్లోకి వచ్చి తన పక్కనే పడుకుంది. అమ్మ వండిన అన్నం తింటూ అమ్మ చేతుల వైపు చూసింది. అమ్మ తినడం లేదు. ఆ రోజే కాదు, మర్నాడు కూడా.

యంత్రం మనుషులనూ రాసుకుంటోందన్న మాట పాకి, శుక్రవారానికి గెడ్డ ఖాళీ అయింది. స్నానాలు బోరింగు దగ్గరికి మారాయి. పశువులను దాటించేవాళ్లు కూడా నీళ్లలో అడుగు పెట్టకుండా రాళ్ల మీదనుంచి దూకుతున్నారు. నలభై ఒకటో నంబరు మనిషి ఆమెకు ఎదురుపడి, తను ఎక్కడెక్కడ దిగాడో, ఎవరితో దిగాడో కూడా ఆ డబ్బాలో ఉంటుందా అని నవ్వుతూ అడిగాడు. పెదాలే నవ్వాయి. గెడ్డబడి పిల్లల్లో ఒక పాపను తల్లి రెక్క పట్టుకుని గెడ్డ దగ్గర్నుంచి ఈడ్చుకుపోతుంటే చూసింది. పోయిన ఆదివారమే అదే తల్లి ఆ పాపను నీళ్లలో నిలబెట్టి మద్దిచెట్టు వేళ్లు తడిమించింది.

శనివారం డాక్టర్ హైమవతి కారు దిగింది. స్కూలు వరండాలో కూర్చుని అసలు విషయం చెప్పింది. మనుషుల గుర్తులు తీసెయ్యాలంటే ముందు యంత్రం వాళ్లను గుర్తుపట్టాలి. గుర్తుపట్టింది ఎక్కడో ఒకచోట రాసుకుంటుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో కూడా దానికదే లెక్క కట్టుకుంటుంది. పోయిన వారం శుక్రవారం పొరపాటున ఆ పుట మీ తెర మీదికి వచ్చింది.

"తీసేసిందంతా ఎక్కడికి పోతుంది మేడం?"

"మా దగ్గరికే."

"మీ దగ్గర్నుంచి?"

డాక్టర్ కళ్లజోడు తుడుచుకుంది. "అడిగినవాళ్లు ఉన్నారు. ఇంకా ఇవ్వలేదు."

ఇంకా అన్న మాట దగ్గర గౌరీశ్వరి ఇంకేదో అనబోయి ఆగింది. ముందు తేలవలసింది వేరే ఉంది. మూడు రోజుల లోపు అంటే నాన్న మూడు రోజుల కిందట అక్కడ ఉన్నట్టే కదా అని అడిగింది. డాక్టర్ తల అడ్డంగా ఊపింది. ఆ తునక నీళ్లలో పడి ఎన్నాళ్లయిందో మాత్రమే యంత్రం చెప్పగలదు. మనిషి ఒంటినుంచి ఊడి ఎన్నాళ్లయిందో చెప్పలేదు. పొడిగా, చీకట్లో, గాలి తగలకుండా దాచిన బట్టలో ఒంటి పొట్టు ఏళ్ల తరబడి ఉంటుంది. ఆ బట్ట తడిపిన రోజునే యంత్రానికి ఆ మనిషి పుడతాడు.

గౌరీశ్వరి కుర్చీలోంచి లేచిన చప్పుడుకి వరండాలో మేక బెదిరింది.

ఇంట్లో పైడితల్లి పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి వెలగలేదు. గౌరీశ్వరి ఎదురుగా కూలబడి, నాన్న బట్ట ఏదైనా దాచావా అని అడిగింది. పైడితల్లి లేచి, విత్తనాల అటక మీదనుంచి మూత బిగించిన సత్తుడబ్బా ఒకటి దించింది. లోపల బూడిద పొర, దాని మీద వేపాకులు, ఆకుల మీద మడిచిన తువ్వాలు, చేతుల బనియను.

ఆ ఊళ్లో చనిపోయినవాడి బట్టలు కర్మ రోజున గెడ్డలో వదిలేస్తారు. ఒక్కటి ఉంచుకున్నా కర్మ చెడుతుందని పెద్దల మాట. పైడితల్లి అందరి ముందూ మూట వదిలింది. ఆ మూటలో ఇవి లేవు.

"బతికున్నోడి బట్టలే ఉతుకుతారే అమ్మీ. సచ్చినోడివి ఒదిలేస్తారు. మీరు గడ్డిబొమ్మని కాల్సినారు. నాను ఒప్పుకోనేదు."

ప్రతి అమావాస్యకూ అడ్డాకు కోస్తానని చెప్పి కొండెక్కేది. భర్త వెళ్లిన దారిలో చదును రాయి దగ్గర ఆ రెండూ నీళ్లలో ముంచి తీసేది. సబ్బు పెట్టేది కాదు, వాసన పోతుందని. రెండేళ్ల కిందట గంగులు చూశాడు. ఏమీ అనలేదు. మర్నాడు వెళ్లేసరికి అక్కడ తాడు కట్టి ఉంది. పాతది తెగితే కొత్తది కట్టేవాడు. ఊరివాళ్లు అటు రాకుండా ఈగలున్నాయని చెప్పిందీ అతనే. ఎవరికీ చెప్పవద్దని మరిదిచేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు కోసమే అతను ఇప్పుడు స్టేషన్‌లో గోడకానుకుని కూర్చున్నాడు.

"నాలుగు రోజులబట్టి అతనక్కడుంటే నోరెందుకు విప్పలేదమ్మా?"

"ఇప్పితే ఈ రెండూ కూడా పట్టుకుపోతారు గదే."

పట్టుకుపోయారు కూడా. కాని అది మర్నాడు.

ఆదివారం గెడ్డబడి మొదలయ్యే వేళకి మూడు పాయల దగ్గర ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్లు, డాక్టర్ హైమవతి, ఊళ్లో సగం మంది చేరారు. ఎవరూ నీళ్లలోకి దిగలేదు. గౌరీశ్వరి ముందు ఒక గిన్నె ముంచి పోసింది. అరగంట తర్వాత తీసివేసినవి తెరిచి ఎస్సైకి చూపించింది. పదిహేడో నంబరు తండ్రి లేడు. అమావాస్య దాటి పది రోజులైంది. తర్వాత పైడితల్లి ఒక కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని చదును రాయి దగ్గరికి వెళ్లింది. కింద గంటసేపు ఆగి రెండో గిన్నె ముంచారు.

ఎస్సై తెర మీదికి వంగి, చదివి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. కాసేపటికి పైడితల్లి తడి తువ్వాలు, బనియను మోచేతి మీద వేసుకుని దిగి వచ్చింది. ఆమెకు చదువు రాదు. కూతురి దగ్గరికి వచ్చి, ఏటి సెప్పింది అని అడిగింది.

"మనిషి. పదిహేడో నంబరుకు తండ్రి. ఎగువన నాలుగు వందల మీటర్లు. ఈ రోజు."

"ఈ రోజంతందా?"

"అంటుందమ్మా."

"మళ్లీ ఓపాలి సదువు."

గౌరీశ్వరి మళ్లీ చదివింది. పైడితల్లి ఎగువకి తిరిగి, చెట్లమధ్య మలుపు వైపు చూస్తూ వింది. ఎస్సై గొంతు సవరించుకుని, బట్టలు సీలు చెయ్యాలని, కేసు మూసేదాకా ఇవ్వలేమని చెప్పాడు. ఆమె తువ్వాలు పిండలేదు. నీళ్లు కారుతుండగానే మడిచి, అతని చేతిలో పెట్టింది.

సోమవారం గంగులును వదిలారు. అతను బస్సు దిగి, గౌరీశ్వరి నిలబడ్డ చోటినుంచి చూపు తిప్పుకుని, తిన్నగా వదిన ఇంటికి వెళ్లాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు.

బుధవారం ఊరు ఊరంతా స్కూలు వరండాకి వచ్చింది. తమ నంబర్లు తీసెయ్యాలని ఊరి మాట. డాక్టర్ హైమవతి ముందు నచ్చజెప్పబోయింది. ఇదంతా పోతే యంత్రం మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలంది, రెండేళ్ల శ్రమంది. ఎవరూ కదలకపోయేసరికి ఒప్పుకుంది. తన దగ్గర నకలు ఉండదని కాగితం మీద రాసి సంతకం చేసింది. గౌరీశ్వరి ఆ కాగితాన్ని నమ్మలేదు. అయినా మడిచి దాచింది.

ఒక్కొక్కరూ వచ్చి తెర మీద బొటనవేలు నొక్కి వెళ్తున్నారు. సంఖ్య తగ్గుతోంది. ఎనభై. ముప్ఫై. తొమ్మిది. గంగులు చివరికి వచ్చాడు. అతనిది నాలుగో నంబరు.

గౌరీశ్వరి యంత్రం అతని వైపు జరపలేదు. అతను తాళ్లు కట్టాడు, ఒట్టు నిలబెట్టుకున్నాడు. అదంతా రుజువైంది. ఆరేళ్ల కిందట కొండ మీద ఏం జరిగిందో మాత్రం ఏ గిన్నెడు నీళ్లూ చెప్పలేదు. అనుమానం ఇంకా గొంతులోనే ఉంది. ఇప్పుడు అడగకపోతే ఇక ఎప్పటికీ అక్కడే ఉంటుంది.

"ఆ రోజు ఏం జరిగింది చిన్నాన్నా?"

గంగులు ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"గొడవాడుకున్నాం. గుండెలో పట్టేసినట్టుంది, కూకుంటానన్నాడు. మోపు మొయ్యలేక సాకులనుకున్నాను. కూకోరా, అలాగే కూకో, అనీసి ఎల్లిపోయాను. ఎనక్కి తిరిగి సూడనేదు. ఒక గంటకి మనసాగక మళ్లీ ఎల్లేసరికి మోపున్నాది, మనిషి నేడు."

అన్న వెనకాల వస్తానన్నాడని ఊరికి చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నాడు. అన్నతో ఆఖరిమాట అదని ఏ నోటితో చెబుతానన్నాడు. పైడితల్లి గోడకానుకుని నిలబడి వింటోంది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు. ఆమెకు సోమవారమే తెలిసింది.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఆరేళ్లు నువ్వడగనేదు గదమ్మా. డబ్బానడిగావు."

అతను వేలు నొక్కి లేచాడు. వచ్చే ఆదివారం నడకకు రమ్మని పిలవాలనుకుంది. పిలిచే మొహం లేక ఊరుకుంది. అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు.

తెర మీద ఒక్క నంబరు మిగిలింది. గౌరీశ్వరి వేలు దగ్గరికి పోనిచ్చి ఆపింది. పదిహేడు ఉంటే ఏదో ఒక రోజు, ఏ పైకొండనుంచో దిగి, నాన్న నిజంగానే ఆ నీళ్లలో కాలు పెడితే యంత్రం చెబుతుంది. పదిహేడు పోతే అతను నీళ్లు దాటిపోయినా ఎవరికీ తెలియదు. డాక్టర్ హైమవతి కూడా ఆ సంగతి గ్రహించినట్టుంది. కావాలంటే ఆ ఒక్కటీ ఉంచుకోవచ్చని మెల్లగా అంది.

గౌరీశ్వరి తల్లి వైపు చూసింది. పైడితల్లి వచ్చి పక్కన కూర్చుంది. బూడిదరంగు అక్షరాలను కాసేపు చూసింది.

"ఆయనొస్తే నీళ్లు సెప్పాలేటే అమ్మీ? ఇంటికొస్తాడు" అంది.

కూతురి చెయ్యి పట్టుకుని, ఆ వేలు తెర మీద ఆనించింది. ఇద్దరూ కలిసి నొక్కారు.